ముక్కు మావయ్య పలికిన అక్షరం

ఆ వీధిలో అమ్మానాన్నలు పెట్టిన పేర్లతో ఎవరికీ పెద్దగా పని పడేది కాదు. దర్జీల దగ్గర చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టే ఆవిడ కాజాలక్క. కొట్లలో తూకం కాటాలు మొండికేస్తే వెళ్ళి సరిచేసి వచ్చే ఆమె భర్త కాటాలాయన. "కాజాలూ కాటాలూ కలిసి కాపురం చేస్తున్నాయమ్మా" అని ఎదురింటి పిన్నిగారు వేళాకోళం చేస్తే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నవ్వేసి ఊరుకునేవాళ్ళు. వాళ్ళకి ఒక్కతే కూతురు. పుట్టుకతోనే చూపు లేదు గానీ, నోరు మాత్రం ఇద్దరు పిల్లలకి సరిపడా ఉండేది. తండ్రి దాన్ని ముద్దుగా గడుగ్గాయి అనేవాడు. చివరికి బళ్ళో టీచర్లు కూడా అదే పేరుతో పిలిచేవాళ్ళు.

ఇది గడుగ్గాయి పోయిన తర్వాతి సంగతి. అయితే ముందు దాని కంప్యూటర్ గురించి కాస్త చెప్పాలి.

చూపు లేని పిల్లల బళ్ళో కంప్యూటర్ మాస్టారు దానికి ఒక పాత కంప్యూటర్ ఇప్పించాడు. ఏ మీట నొక్కితే ఆ అక్షరాన్ని పైకి పలికే సాఫ్ట్‌వేర్ అందులో పెట్టాడు. ఆ పలికేది మగగొంతు. కోపమూ ఉండదు, సంతోషమూ ఉండదు, అంతా ముక్కుతోనే మాట్లాడుతుంది. గడుగ్గాయి దానికి ముక్కు మావయ్య అని పేరు పెట్టింది. "పెళ్ళి కాని మావయ్య, పొద్దస్తమానం మన ఇంట్లోనే పడి ఉంటాడు" అనేది.

కథలు వినడానికి మాస్టారు ఒక చిన్న ప్లేయర్ కూడా పెట్టాడు. దానికి బొమ్మలు లేవు, బటన్లు లేవు. నల్లటి తెర మీద ముందు ప్లేయర్ పేరు టైపు చేయాలి. దాని పక్కన మనకేం కావాలో రెండేసి అడ్డగీతలు పెట్టి చెప్పాలి. చివర ఫైలు పేరు రాసి ఎంటర్ కొట్టాలి. కళ్ళున్నవాళ్ళకి ఇదో తలనొప్పి. తెర మీద బాణం గుర్తు ఎక్కడుందో వెతుక్కోలేని పిల్లకి మాత్రం ఇంతకన్నా సుఖం లేదు.

అది ఊరికే ఉంటుందా? తల్లికీ నేర్పింది.

"దీనికి మొహమాటం లేదమ్మా. ఎలా చెబితే అలా చేస్తుంది. స్పీడ్ అని పెట్టి ఒకటిన్నర రాశావనుకో, పరిగెత్తిస్తుంది. స్టార్ట్ అంటే నువ్వు చెప్పిన చోటి నుంచి మొదలెడుతుంది. రెజ్యూమ్ అంటే కిందటిసారి ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుని అక్కడే అందుకుంటుంది."

"ఇవన్నీ నాకెందుకే?"

"నేను నీళ్ళు పోసుకుంటుంటే నువ్వేగా పెట్టాలి! ఇంకోటి విను. లూప్ అని సున్నా రాస్తే చదివిందే చదువుతూ ఉంటుంది."

"సున్నా అంటే అసలు చదవకూడదు కదే?"

"ఇక్కడ సున్నా అంటే లేదని కాదు, అంతు లేదని. ఆపాలంటే క్యూ అక్షరం నొక్కాలి. మిగతావి మర్చిపోయినా అదొక్కటి గుర్తుపెట్టుకో."

కాజాలక్క బల్ల తుడిచినప్పుడల్లా గుడ్డ ఏదో ఒక మీటకి తగిలి కథ టక్కున ఆగిపోయేది. "నువ్వు దుమ్ము దులిపితే కథలో మనుషులు కూడా ఎగిరిపోతున్నారు" అని గడుగ్గాయి గోల పెట్టి, మీటలేవీ పనిచేయకుండా చేసే ఆప్షన్ కూడా నేర్పింది. నో ఇన్‌పుట్ అని రాస్తే చాలు. ఇక ఎవరు ఏది నొక్కినా ప్లేయర్ చెవిన పెట్టదు.

ఇక కథ. బడి లైబ్రరీలో ఒక లావుపాటి నవల ఉండేది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పడవేసుకుని వెళ్ళి తిరిగిరాని తండ్రిని వెతుక్కుంటూ నది మీద బయలుదేరడం అందులో కథ. మొదటి నాలుగు పేజీలు ఎవరో టీచరు చదివి వినిపించిందట. అప్పటి నుంచి గడుగ్గాయికి నిద్ర పట్టదు. చేతివేళ్ళతో తడిమి చదువుకునే అచ్చులో ఆ పుస్తకం దొరకదు. దాంతో కాజాలక్క నడుం బిగించింది. పిల్ల బళ్ళో ఉన్న వేళ చొక్కాలు పక్కన పెట్టి, ఫోను ముందు పెట్టుకుని ఒక అధ్యాయం చదివి రికార్డు చేసేది. ఫోనుకి తీగ తగిలించి దాన్ని కంప్యూటర్లో పడేసేది. సాయంత్రం గడుగ్గాయి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే కుర్చీలో కూర్చుని, ఒకటిన్నర వేగంతో వినేది.

"నువ్వు కాజాలు కుట్టినట్టే చదువుతావమ్మా. ఒక్క కుట్టు కూడా వదలవు. అందుకే పరిగెత్తిస్తా" అనేది.

తల్లి చదవడం ముందుకి పోతోంది, పిల్ల వినడం కాస్త వెనకపడింది. పుస్తకంలో ఒకే ఒక్క అధ్యాయం మిగిలి ఉండగా పిల్లకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆస్పత్రిలో పడుకోబెట్టాక కూడా దాని ధ్యాస కథ మీదే.

"వాళ్ళకి నాన్న దొరికాడా అమ్మా?"

"చివరిది నేనూ చదవలేదు తల్లీ. ఇంటికెళ్ళాక ఇద్దరం ఒకేసారి తెలుసుకుందాం."

ఇంటికి తిరిగొచ్చింది మొగుడూ పెళ్ళాం ఇద్దరే.

కాటాలాయన పిల్ల గది గుమ్మం తొక్కడం మానేశాడు. కాజాలక్క కూడా చాలాకాలం తొక్కలేదు. బతికి ఉన్నాం కాబట్టి వండుకోవడం, వండుకున్నాం కాబట్టి తినడం, అలా నడిచింది. ఒక మధ్యాహ్నం మాత్రం ఆగలేకపోయింది. పిల్ల ఆఖరుగా ఎక్కడ ఆపిందో తెలుసుకోవాలనిపించింది. అంతకు మించి ఏమీ లేదు. లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే, ఒక్కో అక్షరమే వెతుక్కుని టైపు చేసింది. ముక్కు మావయ్య ఒక్కో అక్షరాన్నీ పలికాడు. రెజ్యూమ్ అని పెట్టి ఎంటర్ కొట్టింది.

స్పీకర్లోంచి తన గొంతే వచ్చింది. నది మీద పొగమంచు. చెల్లెలికి అక్క కనిపించడం లేదు, చెయ్యి చాపి తడుముతోంది. గడుగ్గాయి అక్కడ ఆపి జ్వరంతో పడుకుందన్నమాట. కాజాలక్క క్యూ నొక్కి, చీరకొంగు నోట్లో కుక్కుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు మళ్ళీ పెట్టింది. పొగమంచు లేదు. అక్కచెల్లెళ్ళు ఒడ్డున మంట వేసుకుని బట్టలు ఆరబెట్టుకుంటున్నారు.

నిన్న ఆపడం మర్చిపోయానేమో అనుకుంది. దుఃఖంలో ఉన్న మనిషికి ఏం చేసిందో గుర్తుండదు కదా. ఆ మరుసటి రోజు పెడితే పడవ అప్పటికే ఇంకో ఊరు చేరింది.

"మీరేమైనా ఆ గదిలో కథ విన్నారా?" అని భర్తని అడిగింది.

"నేనా!" అన్నాడాయన. ఆ ఒక్కమాటా అని ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఇంక ఆవిడ అడగలేదు.

ఒక రోజు మామూలు వేగంతోనే పెట్టి, ఆరేసిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. తీగ మీంచి ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంటోంది. కిటికీలోంచి తన గొంతు సన్నగా వినబడుతోంది. ఉన్నట్టుండి ఆ గొంతు సర్రున పరుగందుకుంది. మాట మీద మాట పడుతోంది. ఒకటిన్నర వేగం... ఆవిడకి ఆ వేగం తెలియదా? ఎన్ని సాయంత్రాలు వంటింట్లోంచి విందో.

బట్టలు చేతిలోంచి జారిపోయాయి. పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. గదిలో ఎవరూ లేరు. కుర్చీ మాత్రం బల్లకి దగ్గరగా జరిగి ఉంది. తడిజుట్టు వాసన... స్నానం చేసొచ్చి సరిగ్గా తుడుచుకోకుండా కూర్చునే పిల్ల జుట్టు వాసన.

భయపడాలి. ఎవరైనా భయపడతారు. కాజాలక్కకి మాత్రం ఒళ్ళంతా సంతోషమైపోయింది. గుమ్మం దగ్గరే చతికిలబడి, తల గోడకి ఆనించి, అధ్యాయం అయ్యేదాకా తన గొంతు తనే వింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మళ్ళీ సాయంత్రాలు మొదలయ్యాయి. చొక్కాలు గుమ్మం దగ్గరికి తెచ్చుకుని, కుర్చీకి ఎదురుగా కూర్చుని కుట్టేది. మధ్యమధ్యలో, "ఎదురింటి పిన్నిగారి పిల్లి ఈనింది తెలుసా?" అని కబుర్లు చెప్పేది. జవాబు వచ్చేది కాదు. కథ మాత్రం ముందుకి సాగేది. ఆవిడ ముఖంలో కళ చూసి కాటాలాయన తెరిపిన పడ్డాడు. కాలమే మందై పనిచేస్తోంది అనుకున్నాడు.

కానీ కథ అన్నాక ముందుకి పోతుంది కదా. చదివిపెట్టిన అధ్యాయాలు తరిగిపోతున్నాయి. ఆఖరుకి ఒక్కటి మిగిలింది. ఆ తర్వాతది ఇంకా పుస్తకంలోనే ఉంది. తను గొంతు విప్పి చదివితేనే అది పిల్లకి చేరుతుంది. చదివితే కథ అయిపోతుంది. కథ అయిపోతే ఇంకెందుకు వస్తుంది?

పుస్తకం తీసి, చివరి అధ్యాయం ఒక్క ముక్క కూడా చూడకుండా మూసి, చొక్కాల మూట అడుగున దాచింది.

తర్వాత నల్లతెర ముందు నిలబడింది. రికార్డు చేసిన ఆఖరి అధ్యాయం పేరు రాసింది. దాని ముందు లూప్ అని సున్నా పెట్టింది. ఒక్క క్షణం ఆలోచించింది. పిల్ల విసిగిపోయి క్యూ నొక్కితే? నొక్కి లేచి వెళ్ళిపోతే? నో ఇన్‌పుట్ అని కూడా చేర్చింది. తప్పా ఒప్పా అని తూచుకునే ఓపిక ఆ తల్లికి ఎక్కడిది? ఎంటర్ కొట్టింది.

ఆ అధ్యాయంలో అక్కచెల్లెళ్ళు నది సముద్రంలో కలిసే చోటికి వస్తారు. పొద్దు వాలుతుంటుంది. అవతలి ఒడ్డున తండ్రి పడవ కట్టేసి ఉంటుంది. చెల్లెలు లేచి నిలబడి, "అక్కా, ఆ పడవలో ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. అధ్యాయం అక్కడితో సరి. మళ్ళీ మొదటికి వస్తుంది. మళ్ళీ పొద్దు వాలుతుంది. మళ్ళీ ఆ పిల్ల అదే మాట అడుగుతుంది.

పగలూ రాత్రీ ఆ గదిలో అదే నడిచింది. కాటాలాయన దిండు చెవుల మీద వేసుకుని పడుకునేవాడు. "ఆపవే, బుర్ర తిరుగుతోంది" అంటే, "దానికి ఇష్టమండీ" అనేది. మొదట్లో తడిజుట్టు వాసన వచ్చేది. పోనుపోను అది పోయి ఆస్పత్రి వార్డు వాసన మొదలైంది. మందులూ, కడిగిన నేలా, మాసిన దుప్పటీ. గది చల్లబడిపోయింది. ఎండవేళ కూడా గుమ్మం దాటితే చేతులు కొంకర్లు పోయేవి. ఎవరూ లేని గదిలో కుర్చీ కాళ్ళు నేలని గీకిన చప్పుడు అయ్యేది. కాసేపాగి మళ్ళీ గీకేది.

వింటోంది, అంతే. కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ కదులుతోంది. చిన్నప్పటి నుంచీ అంతే కదా. కాజాలక్క తనకి తాను అలా చెప్పుకుంది.

ఒక సాయంత్రం ఆకాశం మూసుకొచ్చింది. దీపాలవేళ కాకముందే ఇల్లంతా చీకటి కమ్మింది. గాలి లేదు. దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టు తడిమట్టి వాసన. కాటాలాయన పనిముట్ల సంచీ పక్కన పెట్టి ముందు గదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కాజాలక్క సూదిలోకి దారం ఎక్కిస్తోంది. లోపలి గదిలో తన గొంతు చదువుతూనే ఉంది. పొద్దు వాలుతోంది... అవతలి ఒడ్డున పడవ...

"క్యూ."

దారం సూది పక్క నుంచి పోయింది.

తన గొంతు కాదు. కథలో మాట కాదు. ముక్కుతో పలికిన ఒకే ఒక్క అక్షరం.

"ఏంటది?" అన్నాడు కాటాలాయన.

లోపల కథ నడుస్తూనే ఉంది.

"క్యూ."

కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత...

"క్యూ... క్యూ."

కోపం లేదు. ఏడుపు లేదు. ముక్కు మావయ్యకి అవి రావు. ఎవరు నొక్కినా, ఎందుకు నొక్కినా, ఒకేలా పలుకుతాడు.

"క్యూ. క్యూ. క్యూ. క్యూ."

ఇద్దరూ లేచారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయారు. గదిలో తెర వెలుగు తప్ప వెలుగు లేదు. నల్లతెర మీద ప్లేయర్ రాసే గీతల మధ్య, అడ్డదిడ్డంగా, ఒకే అక్షరం పడుతోంది.

q
qq
qqqqqqqqqq

మీటలు కదలడం లేదు. ఒక్కటి కూడా కదలడం లేదు. అక్షరాలు మాత్రం పడుతూనే ఉన్నాయి. ప్లేయర్ చెవిన పెట్టడం లేదు. కథ ఆగడం లేదు. పొద్దు వాలుతోంది. చెల్లెలు లేచి నిలబడింది...

"అక్కా, ఆ పడవలో ఎవరైనా ఉన్నారా?"

"క్యూ. క్యూ. క్యూ."

కాజాలక్క ఒక్క ఉదుటున వెళ్ళి కీబోర్డు తీగ ఊడబెరికింది. కీబోర్డుని గుండెకి అదుముకుని వెనక్కి జరిగింది. తీగ నేల దాకా వేలాడుతోంది.

"క్యూ. క్యూ. క్యూ."

"ఏం చేశావే?" భర్త గుసగుసగా అడిగాడు. "ఏం పెట్టావే ఇందులో?"

"వెళ్ళిపోతుందని..." ఆవిడకి పళ్ళు టకటకమంటున్నాయి. "కథ అయిపోతే వెళ్ళిపోతుందని... తిరిగి తిరిగి వచ్చేలా పెట్టానండీ. ఆపడానికి వీల్లేకుండా పెట్టాను."

కాటాలాయన లోపలికి వచ్చి ఆ తెర వంక చూశాడు, కుర్చీ వంక చూశాడు. పిల్ల పోయాక ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఆపమంటోందే నీ కూతురు" అన్నాడు. "ఎప్పటి నుంచి అంటోందో. మనం ముందు గదిలో కూర్చుని అన్నం తింటున్నాం."

"తీసేస్తే వెళ్ళిపోతుంది."

"వెళ్ళనివ్వవే."

"నా వల్ల కాదండీ..."

"కాటా మీద వేలు నొక్కిపెట్టి తూచినట్టుంది నువ్వు చేసింది. ఉంది ఉంది అనుకోవడమే గానీ, అది ఉండటం కాదే."

ఆవిడ స్విచ్చి కట్టేసింది. తెర ఆరిపోయింది. తన గొంతు మాట మధ్యలో తెగిపోయింది. గది కటికచీకటి. వాన ఇంకా మొదలు కాలేదు. ఇద్దరి ఊపిరి తప్ప చప్పుడు లేదు.

ఆరిపోయిన కంప్యూటర్లోంచి... మెల్లగా...

"క్యూ."

కాజాలక్క నేల మీద కూలబడిపోయింది. కాటాలాయన చీకట్లో కుర్చీ వైపు తిరిగాడు. మాట మాత్రం, పిల్ల మారాం చేసినప్పుడు బుజ్జగించినట్టే ఉంది.

"అమ్మ చదువుతుంది నాన్నా. ఆ చివరిది కూడా చదివేస్తుంది. కాస్త ఓపిక పట్టు."

మళ్ళీ ఆ అక్షరం వినిపించలేదు.

చొక్కాల మూట అడుగు నుంచి పుస్తకం బయటికి వచ్చింది. ముందు గదిలో దీపం కింద కూర్చుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కాజాలక్క చదవడం మొదలుపెట్టింది. వాన అందుకుంది. కాటాలాయన పక్కనే మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. ఆయన ఆ కథ మనసుపెట్టి వినడం అదే మొదటిసారి. ముందు ఏం జరిగిందో సరిగ్గా తెలియకపోయినా కదలకుండా విన్నాడు.

అవతలి ఒడ్డున పడవలో ఎవరూ లేరు. తండ్రి దొరకలేదు. ఏమయ్యాడో కూడా రాయలేదు. అక్కచెల్లెళ్ళు చీకటి పడేదాకా పిలిచారు. తెల్లారాక ఆ ఖాళీ పడవని తమ పడవకి వెనకాల కట్టుకుని, వంతులవారీగా తెడ్డు వేసుకుంటూ ఇంటిదారి పట్టారు. చదువుతూ ఆవిడ ఎన్నిసార్లు ఆగిందో, అన్నిసార్లూ మళ్ళీ అందుకుంది. ఆఖరి వాక్యం దగ్గర భర్త ముక్కు చీదుకున్న చప్పుడు కూడా అందులో పడింది.

"అంతే తల్లీ. అయిపోయింది" అని చెప్పి రికార్డు ఆపింది.

కంప్యూటర్ వేసి, కీబోర్డు తగిలించి, ఫోన్లోది అందులో పడేసి, ప్లేయర్ పేరు రాసింది. పక్కన ఫైలు పేరు రాసింది. మధ్యలో ఒక్క అడ్డగీత కూడా పెట్టలేదు. ఇష్టమైతే వింటుంది, వద్దనుకుంటే ఆపుకుంటుంది. ఎంటర్ కొట్టి, ఇద్దరూ గుమ్మం బయట గోడకి ఆనుకుని కూర్చున్నారు.

వేగం పెరుగుతుందని ఆవిడ ఎదురుచూసింది. పెరగలేదు. గడుగ్గాయి మొదటిసారి అమ్మ గొంతుని పరిగెత్తించకుండా, అమ్మ చదివినంత నెమ్మదిగా, చివరిదాకా వింది. "అంతే తల్లీ. అయిపోయింది." ప్లేయర్ దానంతటదే మూసుకుంది. గదిలో ఆస్పత్రి వాసన కొంచెం కొంచెంగా పల్చబడి పోయింది. కిటికీలోంచి వానజల్లు వాసన వచ్చింది. కుర్చీ కదల్లేదు. ముక్కు మావయ్య ఏమీ అనలేదు.

అప్పుడు ఏడ్చారు ఇద్దరూ, ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజున కూడా ఏడవనంతగా. ఏడ్చి ఏడ్చి అక్కడే గోడవారన నిద్రపోయారు.

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ మాస్టారు ఫోన్ చేశాడు. "అమ్మా, మీకు అభ్యంతరం లేకపోతే ఆ నవల రికార్డింగులు మా పిల్లలకి ఇస్తారా? గడుగ్గాయి చెప్పగా చెప్పగా అందరూ దానికోసమే అడుగుతున్నారు."

"తీసుకెళ్ళండి మాస్టారూ. ఆఖరిది కూడా చదివేశాను" అంది కాజాలక్క. చాలాసేపు మాట్లాడింది. ఆ పిల్లల గురించి అడిగింది. ఇంకేదైనా పుస్తకం చదవమంటే చదువుతానని కూడా అంది. ఫోన్ పెట్టాక భర్త ఆవిడ భుజం తట్టి, ఇవాళ్టికి పని మానుకుని ఇంట్లోనే ఉంటానన్నాడు.

భోజనాలయ్యాక ఆవిడ ఆ గదిలోకి వెళ్ళింది. కుర్చీలో కూర్చుంది. ఇచ్చేముందు చివరి అధ్యాయం సరిగ్గా పడిందో లేదో చూద్దామనుకుంది. మాట మధ్యలో తెగిపోతే పిల్లలు గొడవ పెడతారు. ప్లేయర్ పెట్టి, అధ్యాయం ఎంతసేపు ఉందో అది చూపించే చోట చూసింది. ఉండాల్సినదానికి రెండింతలకి పైగా ఉంది.

ఫోన్ ఆపడం మర్చిపోయానేమో అనుకుంది. వాన చప్పుడు పడి ఉంటుంది. ఆ చివర కత్తిరించాలంటే ఎక్కడ అయిపోయిందో తెలియాలి. స్టార్ట్ అని పెట్టి, కథ ముగిసే చోటు అందాజుగా రాసి ఎంటర్ కొట్టింది.

ఖాళీ పడవ. తెడ్డు. ఇంటిదారి. భర్త ముక్కు చీదుకున్న చప్పుడు.

"అంతే తల్లీ. అయిపోయింది."

అక్కడ ఆగాలి. ఆగలేదు. వాన చప్పుడు కూడా లేదు. దీపం కింద కూర్చున్న గదిలో ఉండే చప్పుడేదీ లేదు. అసలు ఏ గదిలోనూ లేనంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో కాగితం తిప్పారు. ఎవరో చిన్నగా దగ్గారు.

"ఇవాళ కొత్త పుస్తకం" అంది ఒక గొంతు. "ఇంక మనకి తొందరేముంది? నెమ్మదిగా చదువుకుందాం. దగ్గరికి జరుగు."

కుర్చీ కాళ్ళు నేల మీద గీకిన చప్పుడు.

ఆ గొంతు కాజాలక్కదే. ఆవిడ తన గొంతుని పోల్చుకోలేదా? ఇన్నాళ్ళూ విన్నదే కదా. కానీ ఆ మాటలు ఆవిడ ఎప్పుడూ అనలేదు. చదవడం మొదలుపెట్టిన ఆ కథ ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఆ గొంతు బాగా బొంగురుపోయి ఉంది, రోగం ముదిరిన మనిషి గొంతులా. రెండు వాక్యాలకోసారి ఆగి పొడిదగ్గు దగ్గుతోంది. నిన్న రాత్రి చదివినప్పుడు తనకి దగ్గు లేదు.

క్యూ నొక్కింది. ఆగిపోయింది.

భయమేసింది. భయంతో పాటు ఇంకేదో కూడా వేసింది. దాన్ని భర్తకి ఎలా చెప్పాలో తెలియలేదు. అయినా పిలుద్దామని నోరు తెరిచింది.

"ఏవండీ..."

ముందు గదిలో కాటాలాయన చదువుతున్న పేపరు పక్కన పెట్టిన చప్పుడైంది.

"గొంతేంటే అలా బొంగురుపోయింది? పొద్దున ఫోన్లో బాగానే మాట్లాడావుగా!"